రెండో నంబరు మేకప్ గది

బుధవారం, పధ్నాలుగో తేదీ
ఉదయం ఏడు గంటలు, కిటికీ పక్క బల్ల

చెల్లికి,

అక్క దీవించి రాయునది. ఆ దీవెన చెయ్యి అలవాటు కొద్దీ పడింది. రాసినదాన్ని కొట్టేయడం ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లల చేత మాన్పించిన దురలవాటు కాబట్టి అలాగే ఉంచేశాను. దానికి లేనిపోని అర్థాలు తీయకు. నేనిక్కడ క్షేమం. మోకాళ్ళు తప్ప మిగతావన్నీ చెప్పినమాట వింటున్నాయి. నువ్వు క్షేమంగా ఉన్నావని నిన్న పదకొండూ ఇరవైకి ఒక తలుపు బయట నిలబడి తెలుసుకున్నాను. ఎలాగన్నది ముందు ముందు వస్తుంది.

పదకొండేళ్ళ తరవాత ఈ ఉత్తరమేమిటి, ఫోను లేదా అంటావు. ఉంది. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట్లాడతావు.

నేను అడగదలచింది ఒక్కటే. నిన్న నువ్వు ఎంతవరకు విన్నావు? దానికి జవాబు చెప్పే ముందు, ఆ స్టూడియోలో జరిగింది జరిగినట్టు చదువు. ఈ కుట్రలో నీ వాటా ఎంతో కూడా అప్పుడే తేలుతుంది. నిన్ను నేనింకా అనుమానితుల జాబితాలోంచి తీసెయ్యలేదు.

మన మనవరాలు, అదే నా పెద్దదాని కూతురు, నీ గారాబం వల్ల నాకు కాకుండా పోయిన పిల్ల, ‘మధ్యాహ్నం మనింట్లో’ అనే టీవీ కార్యక్రమంలో పనిచేస్తోందని నీకు తెలుసు. మాటలు మానేసినవాళ్ళని వెతికి తెచ్చి, ఒకే సోఫా మీద కూర్చోబెట్టి ఏడిపించి, సరిగ్గా ఏడుపు అందుకునే సమయానికి సబ్బు ప్రకటన వేస్తారే, అది. నేను చూడను. పక్కింటావిడ టీవీ గట్టిగా పెడుతుంది కాబట్టి రోజూ వింటాను.

పోయిన ఆదివారం పిల్ల ఫోన్ చేసి, అమ్మమ్మా, మా స్టూడియో ఒక్కసారి చూద్దువుగాని రావే, ఊరికే జనంలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేద్దువుగాని అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టబోతూ ఇంకో మాట కలిపింది. సన్నగీతల బట్టలు కట్టుకోకు, కెమెరాలో అవి పురుగులు పాకినట్టు కనబడతాయి, ఒకే రంగుది కట్టుకో అంది. వందమంది జనంలో చప్పట్లు కొట్టే ముసలిదాని బట్టల గీతలతో కెమెరాకి ఏం పని? అక్కడ పుట్టింది నా అనుమానం. పుట్టినదాన్ని వెంటబెట్టుకునే నిన్న పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళాను.

బయటినుంచి చూస్తే అది స్టూడియోలా లేదు, ధాన్యం గోదాములా ఉంది. చుట్టూ తిరిగి చూశాను, ఒక్క కిటికీ లేదు. గేటులో ఫోను తీసుకుని కవర్లో పెట్టి సీలు వేశారు. లోపల వరండా పొడుగునా ఒకేలాంటి తలుపులు. మనవరాలు చెవికి ఏదో తగిలించుకుని ఎదురొచ్చింది. వచ్చావా అమ్మమ్మా అంటూ నన్ను వాటేసుకుంది కానీ, కళ్ళు నా భుజం మీదుగా గేటు వైపే ఉన్నాయి. ఇంకెవరికోసమో చూస్తోంది. ఎవరే వచ్చేది అన్నాను. ఎవరూ లేరే, లైట్లతను అంది. అబద్ధం చెప్పేటప్పుడు ఆ పిల్ల చెవి తమ్మె పట్టుకుంటుంది. పట్టుకుంది.

నన్ను జనంలోకి తీసుకెళ్ళలేదు. ఒకటో నంబరు మేకప్ గదిలో కూర్చోబెట్టింది. మిగతా జనం హాల్లో, మొహాలు దేవుడిచ్చినవి దేవుడిచ్చినట్టుగా ఉన్నారు. నాకొక్కదానికి ఎందుకు రంగు? మేకప్పావిడ మంచి మనిషి, అందుకే దొరికిపోయింది. నా బుగ్గల మీద అద్దుతూ, అమ్మగారూ, ఇది ఖరీదైన పౌడరు, కన్నీళ్ళకి కూడా చెరగదు అంది. నాకెందుకు కన్నీళ్ళు అని అడిగాను. ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది. అద్దంలోంచి మనవరాలు ఆవిడ వైపు చూసిన చూపు, బడిలో కాపీ కొడుతూ పట్టుబడ్డవాడి జతగాడి కళ్ళలో నేను చూసేదాన్ని.

ఆ గదిలో గోడ మూలన నల్ల డబ్బా ఒకటుంది. అందులోంచి ఉన్నట్టుండి వానలా చప్పట్లు కురిశాయి. ఉలిక్కిపడ్డాను. హాల్లో ఏం జరుగుతున్నా ప్రతి గదిలోనూ అలా వినబడుతుందట, లోపల కూర్చున్నవాళ్ళకి తమ వంతు ఎప్పుడో తెలియడానికి. బాగుంది అనుకున్నాను. కిటికీలు లేవు గానీ చెవులున్నాయి ఈ ఇంటికి.

తరవాత ఒకావిడ నాలుగు పేజీల కాగితం ఇచ్చి చివర సంతకం పెట్టమంది. కళ్ళజోడు పెట్టుకున్నాను. ఇది ఎవరూ చదవరండీ అంది. అందుకే కదమ్మా మీకు నాలుగు పేజీలు రాసే ధైర్యం వచ్చింది అన్నాను. ఏడో అంశం దగ్గర ఆగాను. “అనుకోకుండా సొంతవారిని కలిసిన సమయంలో నేను కనబరచే భావోద్వేగాన్ని ఏ రూపంలోనైనా ప్రసారం చేసుకోవచ్చును.” చప్పట్లు కొట్టడానికి వచ్చిన మనిషికి అనుకోకుండా కలిసే సొంతవారెవరు? ఏడో అంశాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన మార్జిన్లో చిన్న సంతకం, చివర పెద్ద సంతకం పెట్టి ఇచ్చాను. కొట్టివేత పక్కన సంతకం లేకపోతే చెల్లదు, అది చదువుకున్నవాళ్ళకి తెలుసు. ఆవిడ చూడకుండానే ఫైల్లో పెట్టుకుంది. ఇవాళ ఈ ఉత్తరం ప్రశాంతంగా రాస్తున్నానంటే ఆ చూడకపోవడం పుణ్యమే.

ఆ పైన సౌండతను వచ్చాడు. అగ్గిపెట్టెకి అన్నలాంటి డబ్బా ఒకటి నా నడుముకి తగిలించి, అందులోంచి తీగ లాగి భుజం దగ్గర చిన్న గింజలాంటి మైకు గుచ్చాడు. డబ్బా మీద దీపం గురించి ఏదో చెప్పాడు గానీ నేను వినిపించుకోలేదు. నా మనసంతా మైకు మీదే ఉంది. వందమందిలో నాకొక్కదానికే మైకు.

నాకు మైకంటే ఎందుకు పడదో నీకు వేరే చెప్పాలా? చెబుతాను. ఇద్దరికీ గుర్తున్నది ఒకటే అయితే పదకొండేళ్ళు పట్టేది కాదు.

నేను పదవీ విరమణ చేసిన రోజు. బడి ఆవరణలో ఆరువందలమంది. పూలదండలు, పొగడ్తలు అయ్యాయి. ప్రధానోపాధ్యాయురాలిగా నాకొక పేరుండేది, ప్రోగ్రెస్ కార్డు మీద దొంగ సంతకం పెట్టినవాణ్ణి కార్డు తెరవకముందే పట్టేస్తుందని. అప్పుడు నువ్వు మైకు అడిగి తీసుకున్నావు. మా అక్క ఎనిమిదో తరగతిలో లెక్కల్లో తప్పింది, వందకి పదకొండు, ఆ కార్డు మీద మా నాన్న సంతకం పెట్టింది పదేళ్ళ నేనే అన్నావు. ఆరువందలమంది పడీ పడీ నవ్వారు. నేను ఎండలో నిలబెట్టినవాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు. నేనూ పళ్ళు కనబడేలా నోరు తెరిచి ఉంచాను, దాన్ని నవ్వనుకున్నారు.

ఇంటికి వచ్చాక నీతో, ఇక నా గడప తొక్కకు అన్నాను. నువ్వు చెప్పులు వేసుకుంటూ, నవ్వించే సగమే చెప్పాను కదక్కా, ఏడిపించే సగం నా దగ్గరే ఉంచుకున్నానుగా అన్నావు. వెళ్ళిపోయావు. నువ్వన్న ఆ ఆఖరి మాట నాకు గొంతులో ముల్లు. మింగుడుపడదు, బయటికి రాదు. ఆ రెండో సగం ఏమిటో మనిద్దరికే తెలుసు. మరి నడుముకి డబ్బా తగిలించుకుని ఆ స్టూడియోలో నడుస్తుంటే నాకేమనిపించి ఉంటుంది? నా పిచ్చుక, అదే నువ్వు, రెండో సగం అమ్మేసింది అనిపించింది. తప్పా?

మనవరాలు నన్ను సెట్ మీదికి తీసుకెళ్ళింది. నువ్వు చూశావో లేదో. మూడు గోడల ఇల్లు. నాలుగో గోడ ఉండాల్సిన చోట జనం. కిటికీలో ఆకాశం అచ్చు వేసిన గుడ్డ, వెనక దీపం. ఒకతను మీట తిప్పుతుంటే తెల్లవారుతోంది, మళ్ళీ తిప్పితే పొద్దు వాలుతోంది. వంటగట్టు మీద కుళాయి ఉంది, దాని కింద బకెట్టు ఉంది, మధ్యలో నీళ్ళే లేవు. గోడగడియారం పొద్దున్న పదింబావుకే రెండు చూపిస్తోంది. ప్రసారమయ్యేది రెండింటికి కదా, అందుకని దానికి ఎప్పుడూ రెండేనట. పుస్తకాల అలమార చూసి, అమ్మయ్య ఒక్కటైనా అసలుది అని ఒక పుస్తకం లాగాను. వరసంతా ఊడి చేతికొచ్చింది. పుస్తకాలు కావు, వీపులు మాత్రమే అతికించిన చెక్క. ఈ ఇంట్లో పనిచేసే వస్తువు ఒక్కటైనా ఉందటే అని అడిగాను. సోఫా ఉంది అమ్మమ్మా, అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది అంది. మళ్ళీ చెవి తమ్మె.

సోఫా దగ్గరికి వెళ్ళి చూశాను. రెండే దిండ్లు. మధ్యలో కన్నీళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె, అందులోంచి ఒకటి ముందే సగం బయటికి లాగి ఉంచారు, అందుకోవడానికి వీలుగా. ఎంత ముందుచూపో చూడు. ప్రపంచంలో మన కన్నీళ్ళ గురించి మనకంటే ముందు ఆలోచించేవాళ్ళని నమ్మకూడదు.

జనంలో నాకు మొదటి వరస చివరి కుర్చీ ఇచ్చారు, సోఫాకి నడిచి వెళ్ళడానికి ఆరడుగులు. ఒక పెద్దమనిషి చప్పట్లు నేర్పుతున్నాడు. ఆయన్ని అందరూ చప్పట్ల మాస్టారంటున్నారు. చెయ్యెత్తితే చప్పట్లు, వేళ్ళు ఆడిస్తే “అయ్యో”, గుండె మీద పెట్టుకుంటే కళ్ళు తుడుచుకోవాలి. నేనూ రెండు చేతులూ కలిపాను. ఆయన పరుగున వచ్చి, మీరు కొట్టకండమ్మా, మీ మైకులోంచి సౌండతని చెవిలో పిడుగులు పడుతున్నాయట అన్నాడు. మరి నేనెందుకొచ్చినట్టు అన్నాను. మీరు ఊరికే చూస్తూ ఉండండి, అంతా అదే వస్తుంది అన్నాడు. ఏం వస్తుంది? ఎటునుంచి వస్తుంది? ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్ళి, తప్పు తెలుసుకుని కిందికి దిగింది. అప్పటికే నలుగురు కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన చేతిలో అట్ట ఉంది. దాని మీద ఆ రోజు జరగాల్సిన వరస రాసి ఉంది. నాకు ఎదురుగా, తలకిందులుగా. బల్లకి అవతలివైపున్న కాగితాలు తలకిందులుగా చదివే కళ్ళు నావి, తల్లిదండ్రులు తెచ్చే అర్జీలన్నీ అలాగే చదివాను. మూడో భాగం: “చెల్లెలు సోఫా మీద. అక్క జనంలో. యాంకర్ ప్రశ్న: ‘మీ అక్క ఇప్పుడు ఇక్కడే ఉంటే?’ అక్క మొహం, దగ్గరగా. నడిచి రావడం. కౌగిలి. సబ్బు.”

చదివాను. సబ్బు దాకా చదివాను.

బాత్రూముకి వెళ్ళాలని చెప్పి లేచాను. చప్పట్ల మాస్టారు తొందరగా రండమ్మా అన్నాడు. వరండాలో నడిచాను. ఒకటో నంబరు గది తలుపు మీద చిన్న చట్రంలో నా గురించి “అక్కగారు” అని రాసి ఉంది. వెళ్ళేటప్పుడు గమనించలేదు, సిగ్గుపడ్డాను. పక్కన రెండో నంబరు. ఆ చట్రంలో పేరు మీద తెల్లకాగితం అతికించారు. దాచినదాన్ని చూడమని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు.

అప్పుడే ఆ తలుపు తెరుచుకుని మేకప్పావిడ పౌడరు డబ్బాతో బయటికొచ్చింది. ఆవిడ వెనకనుంచి తుమ్ము. ఒకటి, రెండు, మూడు. నాలుగోది మింగేసిన చప్పుడు. ఈ భూమ్మీద పౌడరు తగిలితే వరసగా మూడు తుమ్మి నాలుగోది మింగే మనిషి ఒక్కతే ఉంది. మేకప్పావిడ నన్ను చూసి డబ్బా గుండెకి అదుముకుని అటే మాయమైంది. ఆ తలుపు దళసరిది, మెత్తలు కుట్టినది, ఎవరూ వేయకుండానే నిట్టూర్చి మూసుకుంది. దాని వెనక పిడుగు పడినా ముందున్నవాళ్ళకి వినబడదు, ముందు పడినా వెనకున్నవాళ్ళకి వినబడదు. నేను అక్కడే నిలబడ్డాను.

ఇక్కడే అసలు సంగతి. నడుముకి డబ్బా ఉన్న సంగతే మరిచాను. ముసలితనం. మూసిన తలుపుతో, నాలో నేను మాట్లాడుకున్నాను. నువ్వేం విన్నావో నాకు తెలియదు కాబట్టి, నేనన్నది వరస తప్పకుండా రాస్తున్నాను, సరిచూసుకో.

ముందు, “తుమ్ము మింగకే పిచ్చుకా, చెవులు పోతాయి” అన్నాను.

తరవాత, “మళ్ళీ మైకు దొరికిందా నీకు?” అన్నాను. కోపంగానే అన్నాను.

ఆ తరవాత అన్నది ఇది. “సరే, చెప్పుకో. కానీ ఈసారి సగంలో ఆపకు. సంతకం బాగా కుదరాలని నీ లెక్కల పుస్తకం వెనకట్ట మీద ఇరవైసార్లు రాసి చూసుకున్నావని చెప్పు. ఆ అట్ట నాన్న కంట పడిందని చెప్పు. ఎవరికోసమే అని అడిగితే, ఎవరికోసమూ కాదు, ఊరికే నేర్చుకున్నానన్నావని చెప్పు. చెక్కబద్దతో కుడి అరచేతి మీద కొడుతుంటే లెక్కపెట్టావని చెప్పు, తొమ్మిది. వారం రోజులు పెన్సిలు పట్టుకోలేకపోతే నీ ఇంటిపని నేను రాశానని చెప్పు, అంతకంటే నేను చేసిందేమీ లేదు. ఆ తొమ్మిది దెబ్బలూ పడుతున్నంతసేపూ తలుపు వెనక నేనున్నాను. ఇప్పుడు నీ తలుపు ముందు నిలబడ్డట్టే. ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యలేదు. నాన్న పోయేదాకా నా పేరు చెప్పలేదు నువ్వు. ఆ దెబ్బల మాట ఆరువందలమంది ముందు కూడా చెప్పలేదు. నేను నీమీద కోపం పెట్టుకున్నది నువ్వు చెప్పినదానికి కాదే. చెప్పకుండా వదిలిపెట్టావే, దానికి.”

అంతే. ఇంకేమీ అనలేదు. ముక్కు చీదిన చప్పుడు వినబడి ఉంటే అది నీదై ఉంటుంది, నాది కాదు.

మనవరాలు వరండా చివర్నుంచి పరుగెత్తుకొచ్చింది. చెవికున్నది మెడలోకి జారింది, మొహం తెల్లకాగితం. అమ్మమ్మా, అమ్మమ్మా అంటూ నా చెయ్యి పట్టుకుంది. నేను మైకు పీకి, డబ్బా తీసి దాని చేతిలో పెట్టాను. ఇదిగో మీ డబ్బా, ఇందులో ఏడ్చేవాళ్ళు ఇంకెవరైనా దొరికితే తగిలించుకోండి అన్నాను. వెనకవైపు తలుపులోంచి బయటపడ్డాను. దారిలో ఆ మూడు గోడల ఇంటి వీపు కనబడింది. ఇటునుంచి చూస్తే అంతా పచ్చి చెక్క, మేకులు, నిలబెట్టడానికి ఇసుకమూటలు. వచ్చిన బస్సెక్కి ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాను. పౌడరు గురించి ఆవిడ నిజమే చెప్పింది. చెరగలేదు.

సాయంత్రం ఆరింటికి పిల్ల వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కూలబడింది. అప్పుడు తెలిసింది, నేను మాట్లాడుతున్నంతసేపూ మైకు తెరిచే ఉందట. అందరి మైకులూ తెరిచి పరీక్షిస్తున్న వేళ అట. కార్యక్రమం నడిపే పై గదిలో పదకొండుమంది విన్నారట. దర్శకుడు చెవులకున్నవి తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ తగిలించుకున్నాడట. అన్ని గదుల నల్ల డబ్బాల్లోనూ వచ్చిందట. నీ గదిలో కూడా.

చిన్నమ్మమ్మ ఏం చేసింది అని అడగలేదు నేను. అదే చెప్పింది. నువ్వు లేచి నిలబడ్డావట. నీ భుజం మీద మైకుని నోటి దగ్గరికి లాక్కుని, పైనున్నవాళ్ళు వింటున్నారా, అది మా ఇంటి సంగతి, చెరిపేయండి అన్నావట. వాళ్ళు చెరపకుండా ఉండేవాళ్ళేమో గానీ అప్పటికి ఎవరో నా కాగితం తీసి ఏడో అంశం చూశారట. చెరిపేశారు. ఆ భాగానికి బదులు మాడిన గిన్నెల మసి వదిలించే ఉపాయాలు తీశారు. దానికి జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారట, మాస్టారు చెయ్యెత్తకుండానే.

ఎందుకు చేశావే ఈ పని అని అడిగాను. పిల్ల చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తరవాత, పదమూడో ఏటినుంచి మీ ఇద్దరి మధ్యా నిలబడి నా కాళ్ళు లాగేస్తున్నాయి అమ్మమ్మా, ప్రతి సంతోషం రెండుసార్లు చెప్పుకోవాలి, రెండోసారి చెప్పేటప్పటికి అది చల్లారిపోతుంది, మీరిద్దరూ ఒక్క సోఫా మీద కూర్చుంటే చూడాలనుకున్నాను అంది. మనింట్లో సోఫా లేదటే అన్నాను. సోఫా ఉంది, కూర్చునేవాళ్ళే లేరు అంది. చెవి తమ్మె పట్టుకోలేదు.

నిన్ను కూడా నాలాగే ఊరికే స్టూడియో చూడమని రప్పించానని ప్రమాణం చేసింది. నమ్మమంటావా? సగం నమ్మాను. నీకు సన్నగీతల సంగతి చెప్పిందా లేదా? చెప్పి ఉంటే నీకు అనుమానం రాలేదా? వచ్చి కూడా వెళ్ళావా? ఇవి రాయి.

అసలు ప్రశ్న మరిచిపోకు. ఎంతవరకు విన్నావు? మొత్తం విని ఉంటే మరిచిపో. అది నీకు చెప్పింది కాదు. ముసలావిడ మూసిన తలుపుతో అనుకున్న మాటలకి విలువ కట్టకూడదు. జవాబు రాసినా రాయకపోయినా నాకొకటే. రాస్తే మాత్రం ఎడమవైపు మార్జిన్ వదులు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: కవరు అంటించాక ఆవిరి పట్టి మళ్ళీ తెరిచాను. పైన ఒక అబద్ధం ఉంది. అబద్ధంతో పోస్టు చేస్తే తపాలా బిళ్ళ దండగ.

డబ్బా మీద దీపం ఆకుపచ్చగా వెలిగితే మాట వెళ్తున్నట్టు, ఎర్రగా వెలిగితే లేనట్టు అని సౌండతను రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ విన్నాను. పదకొండుంబావు నుంచి పావుగంట మైకులన్నీ తెరిచి పరీక్షిస్తాం, అప్పుడు ఎక్కడ గొణిగినా అన్ని గదుల్లో వినబడుతుంది, జాగ్రత్తమ్మా అని కూడా అన్నాడు. నేను బాత్రూము వంక పెట్టి లేచింది గడియారం చూసుకునే. సెట్ మీదది కాదు, నా చేతిది. నీ తలుపు ముందు నోరు తెరిచే ముందు నడుము వైపు ఒకసారి చూసుకున్నాను. ఆకుపచ్చ. నువ్వు నన్ను నవ్వులపాలు చేసినప్పుడు ఆరువందలమంది విన్నారు. నీ సగం చెప్పడానికి నాకు అంతమంది దొరకలేదు, దొరికినవాళ్ళతో సరిపెట్టాను. అది నీకు చెప్పిందే.

ఇంకొకటి. ఆ ప్రోగ్రెస్ కార్డు ఇల్లు మారినప్పుడు పోయిందని నీకు చెప్పాను. పోలేదు. నా బీరువాలో, పదవీ విరమణ రోజు ఇచ్చిన సన్మానపత్రం కిందే ఉంది. నాన్న సంతకం తోకని పైకి లాగేవాడు. నువ్వు కిందికి లాగావు. యాభై ఎనిమిదేళ్ళలో ఆ తేడా ఎవరూ పట్టుకోలేదు.

“ఇక నా గడప తొక్కకు” అని పదకొండేళ్ళ కిందట నీతో అన్న మాటను ఇక్కడ రాసి, కొట్టేశాను. పక్కన మార్జిన్లో సంతకం కూడా పెట్టాను చూడు, లేకపోతే చెల్లదు.

ఆదివారం రా. పౌడరు రాసుకోకుండా రా.